సంఘం, సంగ్రామం, సంగం

ఏర్గట్లలో ఎవరైనా "సంగం కాడికి పోతున్న" అంటే, ఏ సంగమో అడిగితే తప్ప అర్థం కాదు. నెలనెలా పొదుపు కట్టే ఆడవాళ్లకు అది మహిళా సంఘం. యూరియా కోసం వరుసలో నిలబడే రైతుకు సహకార సంఘం. పెళ్లికో పంచాయితీకో కూడే చోటు కులసంఘం భవనం. చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని వాకిట్లో కూర్చునే బీడీ కార్మికురాలికి కూలి రేటు కోసం, పీఎఫ్ కోసం కొట్లాడేది మరో సంఘం. దాన్ని ఆమె ఎక్కువగా యూనియన్ అంటుంది. దుబాయి, మస్కట్, దోహా పోయి వచ్చినవాళ్లకు గల్ఫ్ కార్మికుల సంఘాలున్నాయి. నైజాం రోజులు ఎరిగిన తరానికి మాత్రం ముందు ఏ మాటా చేర్చకుండా సంగం అంటే ఒకటే, దొరల మీద లేచిన సంఘం. 2016లో మోర్తాడ్ నుంచి విడిపడి మండలమైన ఈ ఊరు కూడా ఆర్మూర్ వైపు ఊళ్లన్నిటిలాగే పసుపు, ఎర్రజొన్న, బీడీలు, గల్ఫ్ డబ్బు మీద బతుకుతుంది. ఇక్కడ ఏ సంఘంలోనూ లేని మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. ఎక్కడో జరిగే యుద్ధాలతో కార్మిక సంఘాలకేం పని అన్న ప్రశ్న తరచూ వినిపిస్తున్న ఈ రోజుల్లో, సంఘం అనే మాటనే విప్పి చూడాలనిపించింది.

వ్యాకరణం ప్రకారం సంఘ శబ్దం 'సమ్' ఉపసర్గతో 'హన్' ధాతువు కలిసి పుట్టింది. హన్ అంటే కొట్టడం, చంపడం. హత్య, హననం, ఘాతం, ఘాతుకం అన్నీ ఆ ఇంటి మాటలే. ఘనం కూడా అక్కడిదే, దెబ్బలు తిని గట్టిపడినది. కొలిమిలో కాగిన రెండు ఇనుప ముక్కలు సమ్మెట దెబ్బలకు అతుక్కుని ఒక్కటైనట్టు, కలిపి కొడితే గట్టిపడిన గుంపు సంఘం. అష్టాధ్యాయి మూడో అధ్యాయంలో ఈ మాటను పాణిని ఒక సూత్రంలో చేర్చాడు, గణం అనే అర్థంలో సంఘమనే రూపం చెల్లుతుందని. హన్‌లోని హకారమే ఇక్కడ ఘకారమై కూర్చుంది. చంపడమనే క్రియకు మిగిలిన ఆనవాలు ఆ ఒత్తు.

తెలంగాణ నాలుక ఆ ఒత్తును పలకదు. సంగపోళ్లు, సంగం బిల్డింగు, సంగం పైసలు. ఒత్తులు జారడం తెలుగు నేలంతటా ఉన్నదే. ధర్మం దర్మమైంది, భూమి బూమి అయింది. అయితే ఇక్కడ ఒత్తు జారగానే మాట వేరే కుటుంబంలోకి వెళ్లిపోయింది. సంగం అంటే ఏర్లు కలిసే చోటు, సంగమం. అక్కడి ధాతువు గమ్, అంటే నడవడం. సంగం, సంగెం అనే పేర్లతో తెలుగు దేశంలో ఎన్నో ఊళ్లున్నాయి. పేరులోనే ఏరూ గట్టూ వినిపించే ఏర్గట్లవాళ్ల చెవికి ఈ అర్థం పరాయిది కాదు. తడపాకల్ దగ్గర గోదావరి వాళ్ల మండలాన్ని ఒరుసుకునే పారుతుంది. ధ్వని మార్పు ఎవరూ కూర్చుని ఆలోచించి చేసేది కాదని నాకు తెలుసు. అయినా కొట్టి కలిపే మాట జనం నోట పడి నడిచి కలిసే మాటగా వినిపించడం నాకెంతో ఇష్టం. కార్మిక సంఘానికి తగిన అర్థం ఈ రెండోదే అని నా నమ్మకం.

సంగ్రామం దీనికి తలకిందులు. అందులో చంపే ధాతువేదీ లేదు, ఉన్నది గ్రామం. వేదకాలంలో గ్రామమంటే గోడలూ పొలిమేరలూ ఉన్న ఊరు కాదు. పశువులతో, బండ్లతో కదిలే జనం గుంపు. ఋగ్వేదం మూడో మండలంలో విశ్వామిత్రుడు నదులను దారి ఇమ్మని అడిగే సూక్తంలో, ఆవుల కోసం బయల్దేరి ఏరు దాటే భరతుల గుంపును గ్రామమనే అన్నారు. శతపథ బ్రాహ్మణంలో శర్యాతుడు తన గ్రామాన్ని వెంటబెట్టుకుని తిరుగుతుంటాడు. అలాంటి రెండు గ్రామాలు పచ్చిక కోసమో నీళ్ల కోసమో ఎదురుపడితే అది సంగ్రామం. ఊళ్లు కలవడమే యుద్ధమైంది.

అమరకోశంలో యుద్ధానికి ఇచ్చిన పేర్ల వరుస చూస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. సంగ్రామంతో పాటు సమరం, సంయుగం అక్కడున్నాయి. సమరంలో ఎదురెదురు రావడం ఉంది, సంయుగంలో జతపడడం ఉంది. వాటి పక్కనే సమితి, సముదాయం కూడా ఉన్నాయి. ఈనాడు ఉద్యమాల పేర్ల చివర పెట్టుకునే సమితి, వినగానే శాంతిగా తోచే సముదాయం, ఈ రెండూ ఒకప్పుడు యుద్ధానికి పర్యాయపదాలు. మనుషులు ఒకచోట చేరితే అది ఎటైనా తిరగగలదని ఆ నిఘంటువు నాటికే బాగా తెలుసు. చేరడంలో తనంతట తాను పుణ్యం లేదు, పాపం లేదు. చేరినవాళ్లు గీత ఎక్కడ గీస్తారు, గీత అవతల నిలబడ్డ మనిషిని ఏమనుకుంటారు, అంతా దాని మీదే ఉంది.

సంఘం అనే మాటను మరీ పవిత్రం చేయకూడదనడానికి పాణినే సాక్షి. ఆయన సూత్రాల్లో ఆయుధజీవి సంఘాలున్నాయి, అంటే కత్తి పట్టి పొట్ట పోసుకునే సంఘాలు. కౌటిల్యుడి అర్థశాస్త్రం పదకొండో అధికరణం మొత్తం సంఘాల గురించే. రాజుకు సైన్యం దొరకడం కన్నా, మిత్రుడు దొరకడం కన్నా సంఘం దొరకడం మేలంటాడు. దొరకని సంఘాన్ని పగలగొట్టే మార్గాలూ చెప్పాడు. గూఢచారులు లోపల చేరి విద్యలోనో, జూదంలోనో, పంక్తి భోజనంలోనో, పెళ్లి సంబంధాల్లోనో ఎక్కువ తక్కువలు రేపి సభ్యులకు సభ్యుల మీద కడుపుమంట పుట్టించాలి. కులం పేరు చెప్పి యూనియన్‌ను చీల్చడం యాజమాన్యాలు కొత్తగా కనిపెట్టిన విద్య కాదు.

ఆ మాట చేతిలోంచి ఆయుధం తీసేసినవాడు బుద్ధుడు. రాజులు లేని గణరాజ్యాలకు చెల్లే పేరును తన భిక్షువులకు పెట్టాడు. ఆ వార్త మన గోదావరి గట్టుకు తొందరగానే చేరింది. సుత్తనిపాతంలోని పారాయణ వర్గం కథ ప్రకారం గోదావరి తీరంలో, అస్సక రాజ్యంలో ఉన్న బావరి అనే గురువు పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపాడు. అస్సకుల రాజధాని పోదన మన బోధనే అని చరిత్రకారులు చెబుతారు. బావరి ఉన్నచోటు ఖానాపూర్ దగ్గర గోదావరి మధ్యనున్న బాదనకుర్తి అని కొందరి అభిప్రాయం. అది ఏర్గట్లకు ఎంతో దూరం కాదు.

ఆ సంఘపు నియమావళిలో యుద్ధం గురించి స్పష్టమైన కట్టుబాట్లున్నాయి. వినయపిటకంలోని పాచిత్తియ నియమాల్లో 48వది, తగిన కారణం లేకుండా యుద్ధానికి కదిలిన సైన్యాన్ని చూడబోకూడదంటుంది. 49వది, కారణముండి వెళ్లినా రెండు మూడు రాత్రులకు మించి అక్కడ ఉండొద్దంటుంది. 50వది, ఆ రాత్రుల్లో కూడా వ్యూహాలూ కవాతులూ తిలకించొద్దంటుంది. చంపొద్దని వేరే చెప్పారు. ఇక్కడ చెప్పింది, వేడుకగా చూడను కూడా చూడొద్దని. క్షిపణులు పడే దృశ్యాలను అన్నం తింటూ చూసే మన కాలానికి ఈ మూడు నియమాలు గట్టిగా తగులుతాయి.

అయితే అదే వినయంలో, మహావగ్గంలో, ఇంకో కథ ఉంది. మగధ సరిహద్దులో అలజడి రేగింది. బింబిసారుడు సైన్యాన్ని పంపమన్నాడు. పేరున్న యోధులు కొందరు, యుద్ధానికి పోతే పాపం మూటగట్టుకుంటాం అనుకుని, తప్పించుకునే దారి వెతికి సంఘంలో చేరిపోయారు. భిక్షువులు వాళ్లకు దీక్ష ఇచ్చారు. సేనానాయకులు రాజుకు ఫిర్యాదు చేశారు, రాజు బుద్ధుడి దగ్గరకు వచ్చాడు. రాజభటులకు ఇకపై దీక్ష ఇవ్వరాదని నియమం వచ్చింది. యుద్ధం వద్దనుకున్న సిపాయికి తెరిచి ఉన్న ఒక్క తలుపు మూసుకుంది. సంఘం బతకాలంటే రాజుతో తగువు కుదరదని బుద్ధుడు అనుకుని ఉండవచ్చు. నేనాయన్ని తప్పుపట్టే సాహసం చేయను. కానీ సంఘాల చరిత్రలో ఈ ఘట్టం మళ్లీ మళ్లీ వచ్చింది.

1912లో బాసెల్‌లో ఐరోపా సోషలిస్టులంతా చేరి, యుద్ధం వస్తే కార్మికులు అడ్డుకోవాలని తీర్మానం చేశారు. రెండేళ్లు తిరగకముందే, 1914 ఆగస్టు 4న, జర్మనీలో అన్నిటికన్నా పెద్ద కార్మికుల పార్టీ యుద్ధ రుణాలకు చెయ్యెత్తింది. యూనియన్లు అప్పటికే సమ్మెలు ఆపేశాయి. ఆ డిసెంబరులో పార్లమెంటులో లేచి కాదన్నవాడు కార్ల్ లీబ్‌నెక్ట్ ఒక్కడు. ఆ నాలుగేళ్లలో చచ్చిపోయిన వడ్రంగులూ గని కూలీలూ నేతగాళ్లూ కందకాలకు రెండు వైపులా సంఘ సభ్యులే. ఆ అవమానం తిన్నాకే కొన్ని సంఘాలకు బుద్ధొచ్చింది. 1920 మేలో లండన్ రేవు కూలీలు, పోలండ్‌కు ఆయుధాలు మోసుకుపోవాల్సిన జాలీ జార్జ్ అనే ఓడకు సరుకు ఎత్తబోమన్నారు. ఆ ఏడాదే అక్టోబరు 31న బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) పుట్టింది. మొదటి అధ్యక్షుడు లాలా లజపతిరాయ్ తన ఉపన్యాసంలో సామ్రాజ్యవాదాన్నీ సైనికవాదాన్నీ పెట్టుబడి కడుపున పుట్టిన కవలలుగా చూపించారు. అలా ఏఐటీయూసీ యుద్ధం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది పుట్టిన రోజునే.

1939 అక్టోబరు 2న బొంబాయిలో 90,000 మంది కార్మికులు యుద్ధానికి వ్యతిరేకంగా ఒక్కరోజు సమ్మె చేశారు. 1941లో హిట్లర్ సోవియట్ దేశం మీద పడ్డాక కమ్యూనిస్టులకు అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. ఉత్పత్తి ఆగకూడదని వాళ్ల చేతిలోని సంఘాలు సమ్మెలకు పగ్గం వేశాయి. ఫాసిజాన్ని ఓడించక తప్పదన్న వాదంలో బలముంది, కాదనలేను. కానీ కూలివాడి ఆకలికి అప్పుడు విరామమేమీ లేదు.

హైదరాబాద్ సంస్థానంలో ఆ యుద్ధం లెవీ రూపంలో, అంటే నిర్బంధ ధాన్య సేకరణగా వచ్చింది. పోరు ఐరోపాలో, గింజలు తెలంగాణ గాదెలోంచి. పెద్ద భూస్వాములు లెక్కలు తప్పించుకుంటే, చిన్న రైతు ఇల్లు సోదా చేసి గింజలు కొలుచుకుపోయేవారు. దానికీ వెట్టికీ ఎదురు నిలిచినదాని పేరే సంఘం. 1921 నవంబరులో హైదరాబాద్‌లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేట నాటికి ఆంధ్ర మహాసభ అయింది. 1937లో ఆరో మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాద్‌లోనే జరిగింది. పుస్తకాల్లో దాని పేరు మహాసభ. ఊళ్లలో మాత్రం జనం సంఘమే అన్నారు. కర్ర చేతబట్టి నడిస్తే గుతపల సంఘమన్నారు.

పట్నంలో ఈ కథంతా ఒక మనిషిలో కనిపిస్తుంది. అప్పటి మెదక్ జిల్లా అందోలులో పుట్టిన కవి మఖ్దూం మొహియుద్దీన్ చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, రైల్వే కార్మికుల మధ్య పనిచేసి, 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను నిలబెట్టినవారిలో ముందు వరుసలో ఉన్నాడు. యుద్ధానికి పోతున్న సిపాయిని ఎక్కడికి పోతున్నావని అడిగే ఉర్దూ కవిత ఆయనదే. 1960లో 'ఉస్నే కహా థా' సినిమాలో అది పాటగా వచ్చింది. స్వాతంత్ర్యం కోసం చేసేది కూడా యుద్ధమే అని ఉర్రూతలూగించిన గీతం కూడా ఆయనదే. రెంటికీ పొత్తు కుదరదనేవాళ్లున్నారు. నాకలా తోచదు. ఒకటి పంపితే పోయే యుద్ధం, రెండోది తన మీద పడ్డ బరువును దించుకోవడం. కానీ ఒకే మాట రెంటికీ వాడక తప్పని భాషలో మనమున్నాం. మన యూనియన్ కరపత్రాలు ఈనాటికీ సమరభేరి, సమరశంఖం అంటూనే యుద్ధం వద్దంటాయి. ఆ అలవాటు పోతే బాగుండు. సమ్మె అనే చిన్న మాటలో ఉన్న బలం ఆ భేరీల్లో లేదు. సమ్మెలో చెయ్యి ఆగుతుంది, ఎవరి మీదికీ లేవదు.

ఇక ఏర్గట్లకు దగ్గరి విషయం. 2023 మేలో ఇజ్రాయెల్‌తో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, 42,000 మంది పనివాళ్లను పంపడానికి. అందులో 34,000 మంది కట్టుబడి పనులకు. ఆ ఏడాది అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద దాడి జరిగాక గాజా మీద యుద్ధం మొదలైంది. అప్పటిదాకా అక్కడ ఇటుకలు పేర్చిన, సెంట్రింగ్ కట్టిన పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దయ్యాయి. ఆ ఖాళీల్లోకి మనవాళ్లను పిలిచారు. నవంబరులో కేంద్ర కార్మిక సంఘాలు చాలా కలిసి, కార్మికులను ఇలా ఎగుమతి చేయొద్దని ప్రకటన ఇచ్చాయి. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 11 పెద్ద రేవుల కార్మికుల సమాఖ్య, ఇజ్రాయెల్‌కు పోయే ఆయుధాల సరుకును ఎత్తబోమూ దించబోమూ అంది. జాలీ జార్జ్ తర్వాత నూరేళ్లకు ఆ మాట మన రేవుల్లో వినిపించింది. మన రాష్ట్రానికి ఇందులో రెండు వైపులా చుట్టరికముంది. అదానీ, ఎల్బిట్ కంపెనీలు కలిసి 2018 డిసెంబరులో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కర్మాగారం నుంచి డ్రోన్లు ఇజ్రాయెల్‌కు పోయాయని 2024 మొదట్లో పత్రికలు రాశాయి. 2024 మేలో అదే హైదరాబాద్‌లో కూలీల ఎంపిక జరిగింది. 2,209 మంది పేర్లు రాయించుకుంటే 905 మందిని తీసుకున్నారు. వచ్చినవాళ్లలో నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు.

నెలకు లక్షా ముప్పై వేల పైచిలుకు జీతం. పసుపు ధర పడిపోయి, బోరు ఎండి, దుబాయి పోవుడుకు ఏజెంటు దగ్గర చేసిన అప్పు తీరక వడ్డీ కడుతున్న మేస్త్రీకి ఆ అంకె ఏమిటో నాకు తెలుసు. పోయినవాడిని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. అతన్ని అక్కడిదాకా నెట్టిన లెక్కలు వేరు. కానీ అతని సంఘం మాట్లాడాలి. ఎందుకంటే మరొకరి కోసం తోసివేయబడటం ఏమిటో ఈ జిల్లాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1990లో సద్దాం కువైట్‌లో అడుగుపెడితే 1,70,000 మందికి పైగా భారతీయులు కట్టుబట్టలతో అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికొచ్చారు. 2013లో సౌదీలో నితాఖత్ గట్టిగా అమలైతే, మా పిల్లలకు పని కావాలి మీరు పొండి అన్నారు. 1990లో కువైట్ నుంచి ఖాళీ చేతులతో దిగిన కూలీకీ, పాలస్తీనాలోని నాబ్లస్‌లో పర్మిట్ కాగితం పట్టుకుని ఇంట్లో కూర్చున్న కూలీకీ తేడా ఎంత? యుద్ధం ఇద్దరికీ పని దూరం చేసింది. ఒకరి ఖాళీలో ఒకరిని కూర్చోబెట్టి ఇద్దరి కూలినీ అదుపులో పెట్టడం దాని రెండో పని. కౌటిల్యుడు చెప్పిన చీలిక ఇదే, దేశాల స్థాయిలో.

బీడీ కార్మికుల చరిత్ర ఇక్కడ మంచి పాఠం. ఫ్యాక్టరీ గోడ లోపల ఉన్నవాళ్లే కార్మికులని మొదట్లో యజమానులు వాదించారు. 1966 చట్టం ఇంట్లో కూర్చుని బీడీ చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగా లెక్కలోకి తెచ్చింది. పీఎఫ్ వాళ్లకూ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. గీత ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోకుండా ఊళ్ల వాకిళ్లదాకా వచ్చింది, సంఘాలు వదలకుండా కొట్లాడితే. దేశపు ఎల్లల దగ్గర ఆ గీత ఆగిపోవాలని ఎవరు చెప్పారు?

ఎల్లల దాకా ఎందుకు, ఊరి నడిబొడ్డునే గీతలు గీసేవాళ్లున్నారు. ఆర్మూర్, బాల్కొండ వైపు కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు ఒక కులాన్నో నాలుగు కుటుంబాలనో వెలివేయడం ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. వాళ్లతో మాట్లాడితే జరిమానా. కిరాణంలో సరుకు ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు. ఊరంతా ఒక్క మాట మీద ఉందని గొప్పగా చెబుతారు. అదే పాత సంగ్రామం, గ్రామం కూడి కొందరి మీద పడడం. దళితుల, ఆదివాసుల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణను 2015 సవరణ అట్రాసిటీ చట్టంలో నేరంగా చేర్చింది. ఏ కులంవారిని వెలివేసినా శిక్షించేలా మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసింది. నిజామాబాద్ జిల్లా పొలిమేర దాటితే అమల్లో ఉన్న ఆ రక్షణ మనకూ కావాలి. గాజా గురించి తీర్మానం చేసి, పక్క వాడలో వెలి గురించి నోరెత్తని సంఘం మాట చెల్లదు. వెలిని ఖండించి, యుద్ధం మన జోలి కాదనే సంఘానిదీ సగం మాటే.

కాబట్టి సంఘం రసీదు చేతిలో ఉన్న ప్రతివారినీ, బీడీలు చుట్టే అక్కలనూ, సెలవు మీద వచ్చిన గల్ఫ్ తమ్ముళ్లనూ, పసుపు రైతు పెద్దలనూ అడిగేదొకటే. వచ్చే మీటింగులో కూలి రేటు మాట్లాడండి, పీఎఫ్ మాట్లాడండి. వాటితో పాటు, యుద్ధం నడిచే దేశానికి మన ఊరి మేస్త్రీని పిలిచే ఏజెంటు వస్తే సంఘం ఏమనాలో, మన ఊళ్లో ఎవరినైనా వెలివేస్తే సంఘం ఎవరి పక్కన నిలబడాలో చర్చకు పెట్టించండి. తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించండి.